హ్యామ్లెట్ చదవనివారికి ‘ఇన్ ద బ్లీక్ మిడ్‌వింటర్’ చూపించవచ్చా?

రంగస్థలి:

మా ఊరి ఔత్సాహిక నాటక సమాజంలో పదిహేనుమందిమి ఉన్నాము. నెలకొకసారి అందరమూ కలిసి నాటకరంగానికి సంబంధించిన సినిమా ఒకటి చూసి, ఆ తరువాత దాని గురించి మాట్లాడుకోవడం కొన్నేళ్ళుగా అలవాటు. ఈ డిసెంబరుకు కెనెత్ బ్రానా రచించి దర్శకత్వం వహించిన ‘ఇన్ ద బ్లీక్ మిడ్‌వింటర్’ అనే 1995 నాటి బ్రిటిష్ హాస్యచిత్రాన్ని చూపించాలని అనుకుంటున్నాను. పనిలేక కుంగిపోయిన జో హార్పర్ అనే నటుడు, తన సోదరి మాలీ ఉంటున్న పల్లెలో మూతబడిన చర్చిని ఊరివాళ్ళకు దక్కించడం కోసం, క్రిస్మస్ నాటికి అక్కడ షేక్స్‌పియర్ విషాద నాటకం ‘హ్యామ్లెట్’ ఆడించాలని పూనుకొని, ఎవరూ పిలిచి వేషమివ్వని నటులను అరడజనుమందిని పోగుచేసుకొని బయలుదేరడం దీని కథ. నేను ఒంటరిగా రెండుసార్లు చూశాను. రెండుసార్లూ చివరి అరగంటలో నాకు కన్నీళ్ళు ఆగలేదు.

నాకు రెండు సందేహాలు ఉన్నాయి. మా సభ్యులలో ‘హ్యామ్లెట్’ను పూర్తిగా చదివినవారు ఇద్దరే ఉన్నారు, కనుక మిగిలినవారికి ఈ సినిమా అందుతుందా అన్నది మొదటిది. రెండవది కొంచెం సున్నితమైనది. ఇందులో హ్యామ్లెట్ తల్లి అయిన రాణి గెర్ట్రూడ్ పాత్రను టెర్రీ అనే పురుష నటుడు వేస్తాడు. మా కుర్రవాళ్ళు ఆ దృశ్యాలను వెకిలి హాస్యంగా తీసుకుంటారేమోనని నాకు భయంగా ఉంది. ఇంత మంచి సినిమా గురించి ఎక్కడా చర్చ కనిపించకపోవడానికి కారణమేమిటో తెలిసినవారు అది కూడా చెబితే సంతోషిస్తాను.

మూడో గంట:

రంగస్థలి గారూ, ముందు చివరి ప్రశ్నకు జవాబు చెబుతాను, ఎందుకంటే అది తేలిక. ఈ సినిమా రెండు పెద్ద చిత్రాల నడుమ నలిగిపోయింది. 1994లో బ్రానా తీసిన ‘మేరీ షెల్లీస్ ఫ్రాంకెన్‌స్టైన్’ భారీ ఖర్చుతో వచ్చి విమర్శకుల చేత చీవాట్లు తిన్నది. 1996లో ఆయనే ‘హ్యామ్లెట్’ను ఒక్క మాట కూడా తగ్గించకుండా నాలుగు గంటల నిడివితో, 70 ఎం.ఎం. తెర మీద, బ్లెన్‌హైమ్ రాజప్రాసాదం ముందు చిత్రించి విడుదల చేశాడు. ఆ రెండింటికీ మధ్య నలుపు తెలుపులలో, గంటన్నర పైచిలుకు నిడివితో, తాను ఒక్క దృశ్యంలోనైనా కనిపించకుండా తీసిన చిన్న సినిమా ఇది. పైగా దీనికి రెండు పేర్లు ఉన్నాయి. బ్రిటన్‌లో క్రిస్టినా రొసెటి రాసిన క్రిస్మస్ గీతం తొలి పాదమే పేరు కాగా, అమెరికాలో ‘ఎ మిడ్‌వింటర్స్ టేల్’ అన్న పేరుతో విడుదల చేశారు. ఒక పేరుతో విన్నవారికి రెండో పేరుతో వెతికితే దొరకదు.

‘హ్యామ్లెట్’ తెలియాలా అన్న ప్రశ్నకు నా సమాధానం ఇది: కథ తెలియకపోయినా నవ్వు అందుతుంది, కానీ ఒక్క విషయం తెలిస్తే సినిమా మొత్తం వేరే వెలుగులో కనిపిస్తుంది. ‘హ్యామ్లెట్’ రెండవ అంకం రెండవ రంగంలో రాకుమారుడు హ్యామ్లెట్ ఉండే ఎల్సినోర్ కోటకు ఒక నాటక బృందం వస్తుంది. నగరంలో ఉంటే పేరూ డబ్బూ రెండూ దక్కేవి కదా, వీళ్ళు ఊళ్ళు పట్టుకొని ఎందుకు తిరుగుతున్నారని హ్యామ్లెట్ అడుగుతాడు. అక్కడిప్పుడు పిల్లల బృందాలకే ఆదరణ, వీళ్ళను పట్టించుకునేవారు లేరని అతడి స్నేహితుడు రోజెన్‌క్రాంట్జ్ జవాబిస్తాడు. షేక్స్‌పియర్ కాలంలో లండన్‌లో బాలనటుల కంపెనీలు పెద్దల కంపెనీలకు నిజంగానే పోటీగా నిలిచాయి, ఈ మాటలు ఆ బాధలోనుంచే వచ్చాయి. అంతటి రాకుమారుడు ఆ దిక్కులేని నటులను పేరుపేరునా పలకరించి, వాళ్ళను చక్కగా చూసుకోమని మంత్రి పొలోనియస్‌ను ఆదేశించి, మూడవ అంకంలో సంభాషణ ఎలా పలకాలో, చేతులు ఎంతవరకు ఊపాలో స్వయంగా చెప్పి, చివరకు తన తండ్రి హత్యను బయటపెట్టే పనిని కూడా వాళ్ళ నాటకానికే అప్పగిస్తాడు. లండన్‌లో వేషాలు దొరకక హోప్ అనే పల్లెకు చేరిన జో బృందం ఆ ఎల్సినోర్ నటుల వారసులే. ఈ ఒక్క రంగాన్ని సినిమాకు ముందు పదిహేను నిమిషాలు చదివి వినిపించండి, మిగతాది తెర చూసుకుంటుంది.

బ్రానాకు ఈ నాటకంతో ఉన్న బంధం కూడా మీ సభ్యులకు చెప్పదగినది. యౌవనారంభంలో ఆయన ఆక్స్‌ఫర్డ్‌లో డెరెక్ జాకొబీ హ్యామ్లెట్‌గా నటించగా చూసి, నటుడినే కావాలని నిశ్చయించుకున్నాడు. 1988లో అదే జాకొబీ దర్శకత్వంలో తన సొంత రినైసాన్స్ థియేటర్ కంపెనీలో హ్యామ్లెట్‌గా వేశాడు. 1996 సినిమాలో ఆ జాకొబీ చేతనే, అన్నను చంపి రాజైన హ్యామ్లెట్ పినతండ్రి క్లాడియస్ పాత్ర వేయించాడు. అంత పెద్ద ‘హ్యామ్లెట్’ తీయబోయే మనిషి దానికి ముందుగా, సాయం పట్టడానికి నలుగురు కూడా లేని బృందం గురించి ఇంత ప్రేమతో సినిమా రాసుకోవడం నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది.

పాతరీలు:

మూడో గంట గారు చెప్పిన పోలిక నాకు నచ్చింది. అయినా సినిమా ముగింపు విషయంలో నా అభిప్రాయం వేరు. ప్రదర్శన రోజునే జోకు హాలీవుడ్ నుంచి పిలుపు రావడం, మూడు సినిమాల ఒప్పందం కోసం అతడు బృందాన్ని వదిలి వెళ్ళడం, అతడి బదులు మాలీ హ్యామ్లెట్‌గా నిలబడడానికి సిద్ధపడడం, ఆఖరి క్షణంలో అతడు తిరిగిరావడం, ఇంతవరకు నేను ఒప్పుకుంటాను, ఎందుకంటే అవకాశం వచ్చినప్పుడు మనసు రెండుగా చీలడం నటులందరికీ అనుభవమే. కాని ఆ రాత్రి ప్రేక్షకులలో అలిగిన తండ్రి, దూరమైన కొడుకు, ఎదురుచూసిన తల్లి, అందరూ వచ్చి కూర్చోవడం, ఒక్క ప్రదర్శనతో అందరి గాయాలూ మానిపోవడం నాకు అతిగా అనిపించింది. రోనాల్డ్ హార్వుడ్ నాటకం ఆధారంగా 1983లో వచ్చిన ‘ద డ్రెస్సర్’ను దీని పక్కన పెట్టి చూడండి. యుద్ధకాలంలో బాంబులు పడుతుండగా ‘కింగ్ లియర్’ ఆడుతూ తిరిగే బృందం కథ అది. అందులో నాటకం గెలుస్తుంది, మనుషులు మాత్రం ఏమీ గెలవరు. నాటకాల వాళ్ళ జీవితానికి అది దగ్గరగా ఉందని నా నమ్మకం. ఈ సినిమాను చూపించవద్దని నేను అనడం లేదు, రెండూ చూపించమని మాత్రమే అంటున్నాను.

వేషధారి:

పాతరీలు గారి అభ్యంతరాన్ని నేను గౌరవిస్తాను, కాని ఒక మాట చెప్పాలి. అమెరికాలో పెట్టిన పేరు షేక్స్‌పియర్ చివరిదశలో రాసిన ‘ద వింటర్స్ టేల్’ను గుర్తుచేస్తుంది. తప్పిపోయిన కూతురు తండ్రిని చేరడం, పదహారేళ్ళ క్రితం చనిపోయిందనుకున్న భార్య విగ్రహంలోనుంచి ప్రాణంతో కదిలిరావడం ఆ నాటకంలో జరుగుతాయి. అక్కడ ఎవరూ నమ్మశక్యంగా లేదని లేచిపోరు, ఎందుకంటే అది నమ్మకం కోరే నాటకమని పౌలీనా పాత్ర ముందే చెబుతుంది. బ్రానా ‘హ్యామ్లెట్’ను ఆడిస్తున్నాడు గాని, దాని చుట్టూ అల్లిన కథ మాత్రం ఆ చివరి నాటకాల తీరులో నడుస్తుంది. విషాదాంతం వేదిక మీద జరిగితే, పునస్సమాగమం కుర్చీలలో జరుగుతుంది. ఆ ఎడం కావాలనే ఉంచారని నేను అనుకుంటాను.

ఇప్పుడు టెర్రీ సంగతి. రంగస్థలి గారి భయం అర్థం చేసుకోదగినదే. తెలుగు సినిమాలలో ఆడవేషం వేసిన మగవాడు కనిపిస్తే నవ్వడమే మన కుర్రవాళ్ళకు అలవాటైంది. అదే తెలుగు నాటకరంగంలో స్థానం నరసింహారావు గారు సత్యభామగా, చిత్రాంగిగా వేదిక మీదికి వస్తే ప్రేక్షకులు చూసినది స్త్రీ పాత్రనే. 1956లో ఆయనకు పద్మశ్రీ వచ్చినది ఆ కళకే. షేక్స్‌పియర్ కాలంలో గెర్ట్రూడ్ పాత్రను తొలిసారి వేసినది కూడా స్త్రీ కాదు, అప్పటి ఇంగ్లండ్ వేదిక మీద స్త్రీ పాత్రలన్నీ కుర్రవాళ్ళే వేసేవారు. సినిమా చూసే ముందు ఈ రెండు మాటలు మీ సభ్యులకు చెప్పండి. టెర్రీగా వేసిన జాన్ సెషన్స్ ఆ పాత్రను మొదట ఆర్భాటంగా, నోటి దురుసుతో ప్రవేశపెడతాడు, అప్పుడు నవ్వడంలో తప్పు లేదు. టెర్రీ స్వలింగ ప్రేమికుడు, కన్నకొడుకు అతడికి దూరమయ్యాడు. హ్యామ్లెట్ తన తల్లిని గదిలో నిలదీసే మూడవ అంకం నాలుగవ రంగం రిహార్సల్ దగ్గరకు వచ్చేసరికి, కొడుకు చేత మాటలు పడే తల్లి స్థానంలో నిలబడినది ఆ తండ్రి అని మనకు తెలుస్తుంది. అక్కడ నవ్వేవారు ఉండరు.

టెర్రీకి ఎదురుగా ఉన్న హెన్రీ వేక్‌ఫీల్డ్ గురించి కూడా చెప్పక తప్పదు. ఆ పాత్ర వేసిన రిచర్డ్ బ్రయర్స్‌ను బ్రిటన్ ప్రజలు ‘ద గుడ్ లైఫ్’ వంటి టీవీ హాస్య ధారావాహికల ద్వారా ఇంటి మనిషిగా ఎరుగుదురు. యాభై ఏళ్ళు దాటిన తరువాత 1987లో ఆయన బ్రానా కంపెనీలో ‘ట్వెల్ఫ్త్ నైట్’లో మాల్వోలియోగా, 1990లో లియర్ రాజుగా వేసి, హాస్యనటుడిగానే మిగిలిపోతాడనుకున్నవారిని ఆశ్చర్యపరిచాడు. సినిమాలో హెన్రీ కూడా జీవితమంతా వేచి చూసి అలసి, నోరు చేదెక్కిన వృద్ధ నటుడే. టెర్రీ పక్కన రాజుగా నిలబడడానికి మొదట ససేమిరా అంటాడు. మనుషులు తక్కువ కావడం వల్ల క్లాడియస్, హ్యామ్లెట్ తండ్రి ప్రేతాత్మ, నాటకంలోని నాటకంలో రాజు, మూడు పాత్రలూ అతడి మీదనే పడతాయి. చంపినవాడినీ చనిపోయినవాడినీ ఒకే నటుడు వేయడం ‘హ్యామ్లెట్’ ప్రదర్శనలలో ఎప్పటినుంచో ఉన్నదే. ఆ అన్నదమ్ముల పోలికను అలా మన కళ్ళ ముందు పెడతారు. ఈ సినిమాలో దానికి అదనంగా మరొకటి జరుగుతుంది: టెర్రీని ఈసడించిన నోటితోనే హెన్రీ అతడికి ధైర్యం చెప్పడం నేర్చుకుంటాడు. ఈ ఇద్దరి స్నేహం కోసమైనా ఈ సినిమా చూడాలి.

ఇతరుల గురించి ఇంత వివరంగా చెప్పనక్కరలేదు. కళ్ళజోడు తీస్తే అడుగు ముందు ఏముందో కనిపించని, హ్యామ్లెట్ ప్రేయసి ఒఫీలియా వేషం వేసే నటిగా జూలియా సవాలా, ప్రతి పాత్రకూ ఒక కొత్త యాస వెతుక్కునే టామ్‌గా నికొలస్ ఫారెల్, ఖాళీ కుర్చీలు వెలవెలబోకుండా అట్టతో ప్రేక్షకులను కత్తిరించి నిలబెట్టే రంగాలంకరణ కళాకారిణి ఫాడ్జ్‌గా సీలియా ఇమ్రీ, ఎవరికి వారే నాటక సమాజాలలో మనం చూసిన మనుషుల్లా ఉంటారు.

రంగస్థలి:

ముగ్గురికీ నా కృతజ్ఞతలు. అట్ట ప్రేక్షకుల మాట చదివేసరికి, కిందటి ఏడాది మేము ప్రదర్శన ఇచ్చిన కల్యాణ మండపంలో మొదటి రెండు వరుసలూ ఖాళీగా ఉండడంతో, వేషాలు లేని సభ్యులనూ వాళ్ళ ఇళ్ళవాళ్ళనూ తీసుకొచ్చి కూర్చోబెట్టిన సాయంత్రం గుర్తుకు వచ్చింది. ఆ రోజు ముందు వరుసలో కూర్చున్న మా మేకప్ మాస్టారు భార్య, అంతకుముందు ఎన్నడూ మా నాటకం చూడనిది, చివరన వచ్చి మా కథానాయిక చేతులు పట్టుకొని ఏడ్చింది. పాతరీలు గారికి అతిగా తోచిన ముగింపు నాకు అలా తోచకపోవడానికి కారణం బహుశా అదే కావచ్చు.

డిసెంబరు మూడవ ఆదివారం సినిమా వేస్తాము. అంతకు ముందు ఆదివారం ఎల్సినోర్‌కు నటులు వచ్చే రంగాన్నీ, తల్లి గది రంగాన్నీ తెలుగులో నేనే వచనంగా రాసి చదివిస్తాను. గెర్ట్రూడ్ మాటలు చదవడానికి మా బృందంలో ఒక యువకుడిని అడిగాను, ఒప్పుకున్నాడు. ‘ద డ్రెస్సర్’ను జనవరికి పెట్టుకుంటున్నాము.

పాతరీలు:

జనవరి చర్చ ఎలా జరిగిందో ఇక్కడ తప్పక రాయండి, రంగస్థలి గారూ. ఒక చిన్న సూచన. వీలుంటే బ్రానా 1996 ‘హ్యామ్లెట్’ నుంచి కూడా కొన్ని నిమిషాలు చూపించండి. చిన్న సినిమాలో జోగా హ్యామ్లెట్ వేసిన మైకేల్ మలోనీ అక్కడ పొలోనియస్ కొడుకు లేయర్టీస్, లేయర్టీస్ వేసిన ఫారెల్ అక్కడ హ్యామ్లెట్ మిత్రుడు హొరేషియో, క్లాడియస్ వేసిన బ్రయర్స్ అక్కడ పొలోనియస్. చర్చిలో చలికి వణికిన ఆ నటులు ఏడాది తిరిగేసరికి రాజప్రాసాదంలో నడుస్తుంటే చూడడం మీ సభ్యులకు నచ్చుతుంది.