యెజ్డీ ఇంజిన్ కవర్లకు తెల్ల చిలుము: బఫింగ్ చేయించాలా, వద్దా?

సాగరతీరం250:
మా నాన్న 1982లో కొన్న మోటార్‌సైకిల్, యెజ్డీ 250. ఆయన పోయాక పదకొండేళ్లు పెదవాల్తేరులో మెట్ల కిందే ఉండిపోయింది. సముద్రపు గాలి సంగతి తెలిసిందే. ట్యాంకు ఫర్వాలేదు కానీ ఇంజిన్ రెండు పక్కల కవర్లూ సున్నం కొట్టినట్టు తెల్లబడ్డాయి. స్క్రూల చుట్టూ గోరుతో గీకితే పొడి రాలుతోంది, కింద గుంటలు కనబడుతున్నాయి. ఒకాయన బఫింగ్ చేసి, అంటే తిరిగే చక్రానికి ఆనించి రుద్ది, అద్దంలా ఇస్తానన్నారు. ఇంకొకాయన ఇంజిన్ విప్పకుండానే శాండ్ బ్లాస్టింగ్ (గాలి ఒత్తిడితో ఇసుక కొట్టి శుభ్రం చేయడం) చేయిస్తానంటున్నారు. ఏం చేయమంటారు?

గుంటూరు_రోడ్డు:
చింతపండు రసం రాసి పది నిమిషాలాగి కడిగేయండి. ఇడ్లీ పాత్ర అడుగు నల్లబడకుండా అదే కదా వేస్తాం.

పాతబండి:
బఫింగ్ మాటే ఎత్తకండి. మా ఇంట్లో జరిగిందే చెబుతున్నాను. మా జావా ఇంజిన్ ఒక షాపులో ఇస్తే కవర్లతో పాటు కేసింగ్ (కవర్లు బిగించే ఇంజిన్ పెట్టె) కూడా చక్రానికి పెట్టేశారు. కేసింగ్ మీద కొట్టిన ఇంజిన్ నంబరులో చివరి రెండు అంకెలు ఇప్పుడు చదవడానికి రావు. పదిహేనేళ్లు దాటిన బండికి ఐదేళ్లకోసారి ఆర్సీ రెన్యువల్ చేయించాలి, నంబరు చూస్తారు. ఆ రెండు అంకెల కోసం ఎనిమిది నెలలు ఆఫీసుల చుట్టూ తిరిగాను. కవర్ల అంచులు సబ్బు బిళ్లలా గుండ్రంగా అరిగిపోయాయి. అరిగిన లోహాన్ని ఎవరు తెచ్చిస్తారు?

బఫ్‌చక్రం:
పాతబండి గారూ, నంబరు ఉండేది కేసింగ్ మీద. ఆయన అడిగింది కవర్ల గురించి. ఆ కవర్లు మైసూరు ఫ్యాక్టరీ నుంచే పాలిష్‌తో వచ్చాయి. పైన పొడి తుడిచి ఊరుకుంటే గుంటలో ఉప్పు మిగిలి, వచ్చే వానాకాలానికి మళ్లీ తెల్లబడుతుంది. గుంట కనబడకుండా పోవాలంటే దాని అడుగు దాకా చుట్టూ లోహం తగ్గాల్సిందే. చింతపండుతో గుంటలు పోవు.

గుంటూరు_రోడ్డు:
గుంటలు పోతాయని నేనెక్కడ అన్నాను? మరక పోతుందన్నాను.

లోహం_లెక్క:
ఒక విషయం విడదీసి చూడాలి. అల్యూమినియం మీద ఆక్సైడ్ పొర ఎప్పుడూ ఉంటుంది. గీకేసిన వెంటనే మళ్లీ ఏర్పడుతుంది. కంటికి కనబడనంత పల్చన, లోహాన్ని కాపాడేది అదే. మీకు కనబడే తెల్ల పొడి వేరు. ఉప్పు ఆ పొరను చీల్చి లోపలికి దిగినచోట పుట్టేది అది. స్క్రూల దగ్గర ఎక్కువ ఎందుకంటే, స్క్రూ ఉక్కు, కవర్ అల్యూమినియం, మధ్యలో ఉప్పు తేమ చేరితే చిన్న బ్యాటరీ అయినట్టే. అందులో కరిగిపోయేది అల్యూమినియమే.

కాస్టిక్ సోడా, డ్రైనేజీ పొడి దగ్గరికి రానివ్వకండి. అవి వేస్తే వచ్చే బుడగలు హైడ్రోజన్, కరిగేది మీ కవర్. ఇనుప వైర్ బ్రష్ కూడా వద్దు, దాని రేణువులు అల్యూమినియంలో ఇరుక్కుని తర్వాత తుప్పు చుక్కలవుతాయి. చింతపండు పులుపు కూడా లోహాన్ని తింటుంది, అందుకే పులుసు అల్యూమినియం గిన్నెలో నిలవ ఉంచరు. రాస్తే కొద్దిసేపే, తర్వాత బాగా కడగాలి.

రెండు_స్ట్రోకులు:
విప్పకుండా శాండ్ బ్లాస్టింగ్ అసలు వద్దు అన్నా. యెజ్డీ లాంటి టూ స్ట్రోక్ ఇంజిన్‌లో పెట్రోలు, గాలి క్రాంక్‌కేస్ (కేసింగ్ లోపల క్రాంక్ తిరిగే గది) గుండానే పైకి పోతాయి. ఇసుక రేణువు లోపల పడితే నేరుగా క్రాంక్ బేరింగ్ మీదికే. నా స్నేహితుడి బండి రెండు వందల కిలోమీటర్లు కూడా నడవకుండానే గరగరమంది.

నిబంధన50:
1982 బండిని వింటేజ్ అనకూడదు. 2021లో వచ్చిన కేంద్ర నిబంధన ప్రకారం యాభై ఏళ్లు దాటాలి.

సాగరతీరం250:
నేను వింటేజ్ అని ఎక్కడా రాయలేదండీ.

పాతబండి:
కవర్లు పాలిష్‌తో వచ్చాయి, నిజమే. కానీ ఫ్యాక్టరీ పాలిష్ వేరు, ఇప్పుడు షాపుల్లో చేసే అద్దం మెరుపు వేరు. గుంటలున్నా అలాగే ఉంచండి. అది బండి వయసు. బఫింగ్ వాళ్లకు బండి చరిత్ర పట్టదు, మెరిస్తే చాలు, డబ్బులొస్తే చాలు.

బఫ్‌చక్రం:
ఈ మాట వెనక్కి తీసుకోండి. మా నాన్న ముప్పై ఏళ్లు ఆ చక్రం ముందు కూర్చున్నారు. ఆ నల్ల పొడి పీల్చి పీల్చి దగ్గు పట్టుకుంది. "అద్దంలా మెరవాలి, రేపటికి కావాలి" అని ఇంజిన్ మొత్తం ఇచ్చిపోయేది బండి ఓనర్లే. నంబరు మీద టేప్ వేయమని ఆ షాపువాళ్లకు మీలో ఎవరైనా చెప్పారా? బండి ఇచ్చింది మీరేనా?

పాతబండి:
ఇచ్చింది నేను కాదు. మా అన్నయ్య. నన్ను అడగలేదు.

క్లచ్ వైపు కవర్ మీద ఒక లోతైన గీత ఉండేది. 1979లో కృష్ణా బ్యారేజీ మీద నాన్న, నేను పడినప్పుడు పడింది. నాకు ఏడేళ్లు. నా కాలు కింద పడకుండా ఆయన బండిని అటు వంచారు. ఇప్పుడు ఆ చోట నా మొహం కనబడుతోంది. నంబరు గొడవ ఎలాగో తీరింది, అది మాత్రం తీరలేదు. మీ నాన్నగారిని అన్నట్టయితే క్షమించండి. మాట వెనక్కి తీసుకుంటున్నాను.

బఫ్‌చక్రం:
సరేనండి. అది ముందే చెప్పుంటే నేనూ అంత మాట అనేవాడిని కాదు. అలాంటి గీత ఉందని చెబితే మా నాన్న ఆ భాగం వదిలేసేవారు.

సాగరతీరం250:
రెండు రోజులుగా ఇవన్నీ మా అమ్మకు చదివి వినిపిస్తున్నాను. గుంటలు అలాగే ఉంచుదాం, అదే నాన్న బండి అని నేనన్నాను. అమ్మ ఒప్పుకోలేదు. "మీ నాన్న ప్రతి ఆదివారం వరండాలో కూర్చుని ఆ కవర్లను బ్రాసోతో రుద్దేవారు. తెల్లగా బూజు పట్టినది ఆయన బండి కాదు, మనం వదిలేసిన బండి" అంది. నాకు ఏం చెప్పాలో తోచలేదు.

పాతబండి:
అమ్మగారు చెప్పినట్టే చేయండి. కానీ చేత్తో చేయండి, చక్రం వద్దు.

బఫ్‌చక్రం:
చేత్తోనే మొదలుపెట్టండి, నాదీ అదే మాట. కవర్లు విప్పి సబ్బునీళ్లతో కడిగి, 600 నంబరు వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం) తడిపి రుద్దండి. తర్వాత 800, 1000, 1500, ఆపైన పాలిష్. గ్యాస్కెట్ (ఆయిల్ కారకుండా మధ్యలో పెట్టే పల్చని పొర) ఆనే అంచును మాత్రం ముట్టుకోవద్దు, లీకవుతుంది. పైన లాకర్ (పారదర్శకమైన వార్నిష్ పూత) కొట్టించకండి. ఒకచోట లేచిందంటే దాని కింద పురుగు పాకినట్టు తెల్ల గీతలు పోతాయి. అక్కడి గాలికి నెలకోసారి మైనం రాస్తే చాలు. లోతు గుంటలు నాలుగైదు మిగులుతాయి. మిగలనివ్వండి.

సాగరతీరం250:
కుడి కవర్ ఈ ఆదివారం మొదలుపెడుతున్నాను. ముందు కేసింగ్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసుకున్నాను, అన్ని అంకెలూ స్పష్టంగా ఉన్నాయి. కింది వరుస స్క్రూలు రెండు మాత్రం కదలడం లేదు. డీజిల్ పోసి రాత్రంతా ఉంచాను, అయినా రాలేదు. ఎవరైనా చెబుతారా?