షిగరాకి ఎక్స్ఛేంజ్‌కి వెళ్తున్నా, చివర్లో ఎగ్జిబిషన్‌కి ఏం చేయాలి?

తొలికాల్పు: సెరామిక్స్ ఆర్టిస్టుల ఎక్స్ఛేంజ్ మీద జూన్‌లో జపాన్‌లో కుండలకు పేరున్న షిగరాకి వెళ్తున్నా, అక్కణ్ణుంచి ఒకావిడ మా స్టూడియోకి వస్తున్నారు. చివర్లో ప్రదర్శన. పెద్దది ఒక్కటి చేయాలా, చిన్నవి ఎక్కువ చేయాలా? గ్లేజులు (మట్టి పీసులకి గాజులాంటి మెరుపిచ్చే పూతలు) పట్టుకెళ్లాలా?

కోన్‌పది: జూన్ అంటే వాళ్లకి వానలు. గోడ మందంగా కడితే పైన ఆరినట్టే ఉంటుంది, లోపల తడి. బిస్క్‌లో, అంటే గ్లేజుకి ముందు చేసే మొదటి కాల్పులో, ఢామ్మంటుంది, పక్కవాళ్ల పీసులూ పోతాయి. ఆ పూట భోజనాల దగ్గర మీతో ఎవరూ మాట్లాడరు.

వైజాగ్‌మట్టి: గ్లేజా? ఆ మట్టిలో ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం రవ్వ ఉంటుంది. అనగామాలో, అంటే జపాన్ వాళ్ల కట్టెల బట్టీలో, కాలితే తెల్లగా పైకి పొడుచుకొస్తుంది, కట్టెల బూడిదే కరిగి పచ్చగా కారుతుంది. దానిమీద గ్లేజంటే పట్టుచీర మీద స్వెటరే.

సారెవాళ్లబ్బాయి: మా తాత ఊక, పిడకలు పెట్టి ఆవం కాల్చేటోడు. వేడి చూసే కోన్ లేదు, పైరోమీటర్ లేదు. మాకు ఇట్ల వేరే ఊర్ల ఉండి పని చేసే రెసిడెన్సీ ఏదీ రాదు, ఫారంల ఆర్టిస్ట్ స్టేట్‌మెంట్, అంటే మన పని గురించి రాసుడు, అడుగుతరు కదా.

కోన్‌పది: కుండ వేరు, 1250 డిగ్రీలు దాటి కాల్చే గట్టి స్టోన్‌వేర్ వేరు బ్రదర్. చల్లారేటప్పుడు 573 డిగ్రీల దగ్గర మట్టిలోని క్వార్ట్జ్ కుంచించుకుంటుంది, తొందరపడి కిల్న్ (బట్టీ) తలుపు తీస్తే పగుళ్లే.

సారెవాళ్లబ్బాయి: రెండూ ఒకటే అని నేనన్ననా? మా ఆవానికి తలుపే ఉండది. మట్టి మెత్తి మూస్తరు, చల్లారేదాక ఎవ్వరూ ముట్టరు. 573 అనే అంకె తెల్వకున్నా తాతకు పని తెలుసు.

కోన్‌పది: పాండిచ్చేరిలో ఏళ్ల తరబడి కిల్న్ కాల్చినవాణ్ణి, నాకు నేర్పకండి.

నెల్లూరక్క: పాండిచ్చేరి అంటే గుర్తొచ్చింది. అక్కడి గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ అనే కుండల స్టూడియోకి చెందిన రే మీకర్ పచ్చి ఇటుకలతో ఇల్లు కట్టి, లోపల మంట పెట్టి ఇంటికి ఇల్లే కాల్చాడు. దాని తలుపు ఎప్పుడు తీశాడో అడగండి ఇద్దరూ!

చిన్నపలక: పెద్దది చేస్తే ఇంటికెలా తెస్తారు? నా కొరియర్ బిల్లు విమానం టికెట్‌ని దాటింది. గోడ పలకలైతే బట్టల మధ్య సర్దేయొచ్చు.

వైజాగ్‌మట్టి: శాకాహారులైతే జాగ్రత్త, మిసో సూప్‌లోనూ చేప రసం ఉంటుంది.

నెల్లూరక్క: సారె తమ్ముడూ, ఇప్పుడు రాశావే తాత ఆవం సంగతి, అదే స్టేట్‌మెంట్. నాకు పంపు, ఇంగ్లీషు నేను చూస్తా.

కోన్‌పది: 573 మీద వేరే చర్చ తెరిచాను. దమ్ముంటే అక్కడికి రండి.

సారెవాళ్లబ్బాయి: వస్తున్న.