కాక్లియర్ ఇంప్లాంట్‌ల ఎలక్ట్రోడ్లు 12, 16, 22: ఎక్కువుంటే ఎక్కువ వినపడుతదా?

ఓరుగల్లు ఈసీఈ
ఫైనలియర్ ప్రాజెక్టు కాక్లియర్ ఇంప్లాంట్ మీద చేస్తున్నం, అంటే వినపడనోళ్ల లోపలి చెవిల (కాక్లియాల) ఎలక్ట్రోడ్ తీగ పెట్టి నాడికి కరెంటు పల్సులు ఇచ్చే మెషిన్. మెడ్-ఎల్‌ల 12 ఛానెళ్లు, అడ్వాన్స్‌డ్ బయోనిక్స్‌ల 16, కాక్లియర్ కంపెనీ దాంట్ల 22 ఎలక్ట్రోడ్లు ఉంటయి. మామూలు చెవిల లోపలి వరుస వెంట్రుక కణాలే 3,500 దాకా ఉన్నప్పుడు ఎలక్ట్రోడ్లు వందో రెండొందలో ఎందుకు పెట్టరు? సన్నటి కాంటాక్టులు చేసుడు ఇప్పుడు పెద్ద కష్టం కాదు గదా. ఇంకో డౌటు: 22 ఉన్నా ఒక్కో విడతల 8 మాత్రమే పనిచేస్తయట, మిగిలిన 14 దేనికి? లోపల బ్యాటరీ కూడ లేదు, మరి కరెంటు ఎట్ల పోతది? కంప్యూటర్ల చేసిన వోకోడర్‌ల (మాటను ఫ్రీక్వెన్సీ బ్యాండ్లుగ విడగొట్టి మళ్ల కలిపే ప్రోగ్రామ్) తెలుగు వాక్యాలు 8 బ్యాండ్లకే మంచిగ తెలుస్తున్నయి, నిశ్శబ్దంగ ఉన్న గదిల అయితే అంతకు మించి పెంచినా పెద్ద తేడా కనిపిస్తలేదు.

సిగ్నల్ ప్రాసెసింగ్, కాజీపేట
మీ వోకోడర్‌లో ఏ బ్యాండు దారి దానిదే. చెవిలో ఆ వీలు లేదు. ఎలక్ట్రోడ్ తీగ కూర్చునేది కాక్లియాలోని స్కాలా టింపానీ అనే గొట్టంలో, దాని చుట్టూ పెరిలింఫ్ అనే ద్రవం ఉంటుంది. అది ఉప్పునీళ్ల లాంటిదే, ఎముక కన్నా ఎంతో సులువుగా కరెంటును పారనిస్తుంది. కదిలించాల్సిన నాడీకణాలేమో ఎముక గోడకు అవతల, మోడియోలస్‌లో, అంటే కాక్లియా నడిమి ఎముక స్తంభంలో ఉన్నాయి. కరెంటు తిరిగి పోయే రిటర్న్ ఎలక్ట్రోడ్ కాక్లియా బయట ఉంటుంది. అందుకే ఒక కాంటాక్టుకు ఇచ్చిన పల్సు దాని ఎదురుగా ఉన్న నాడులతో ఆగదు, అటూ ఇటూ ఉన్న కాంటాక్టుల వాటాను కూడా కదిలిస్తుంది. 22 పెట్టినా చాలామందిలో మాట గుర్తింపు 8 ఛానెళ్ల దగ్గరే నిలిచిపోవడానికి కారణం ఇదే. మోడియోలస్‌ను ఆనుకుని కూర్చునే తీగలతో కొందరిలో ఇంకాస్త ముందుకు పోతుంది. రిటర్న్‌ను పక్క కాంటాక్టుకే ఇస్తే, అంటే బైపోలార్ చేస్తే, పరుచుకోవడం తగ్గుతుంది, కానీ అంతే శబ్దం వినిపించడానికి చాలా ఎక్కువ కరెంటు కావాలి.

సన్నటి కాంటాక్టుల సంగతి లెక్క వేసి చూడండి. 500 మైక్రోఆంపియర్లు, 25 మైక్రోసెకన్ల పల్సు అంటే 12.5 నానోకూలంబ్‌లు. కాంటాక్టు వైశాల్యం 0.2 చదరపు మి.మీ. అనుకుంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 6 మైక్రోకూలంబ్‌లు. అదే కాంటాక్టును 0.04కు కుదిస్తే 31 అవుతుంది. ప్లాటినానికి మామూలుగా పెట్టుకునే హద్దు 30. అది దాటితే లోహం కరగడం మొదలవుతుంది, నాడికి హాని. ప్రతి పల్సుకూ వెంటనే అంతే ఛార్జితో ఎదురు పల్సు ఇచ్చేదీ, నికరంగా డీసీ మిగలకుండా చూసేదీ ఇందుకే. పైగా ప్రతి కాంటాక్టుకూ సిలికాన్ లోపల విడిగా ఒక వైరు ఉండాలి. వైర్లు పెరిగేకొద్దీ తీగ బిరుసెక్కి, దూర్చేటప్పుడు బేసిలార్ పొరను చీల్చే ప్రమాదం పెరుగుతుంది.

ఒక్కో విడతలో 8 అనే లెక్క కాలానికి సంబంధించింది. రెండు కాంటాక్టులు ఒకేసారి పల్సు ఇస్తే ఆ ద్రవంలో రెండు క్షేత్రాలూ కలిసిపోతాయి. అందుకే ఒకదాని తర్వాత ఒకటి ఇస్తారు. బ్లేక్ విల్సన్ బృందం 1991లో చూపించిన సీఐఎస్ పద్ధతి పునాది ఇదే. ఒక పల్సు జత, మధ్య ఖాళీతో కలిపి, సుమారు 58 మైక్రోసెకన్లు పడుతుంది. ఛానెల్‌కు సెకనుకు 900 చొప్పున 22 ఛానెళ్లకూ ఇవ్వాలంటే ఒక్కోదానికి మిగిలేది 50 మైక్రోసెకన్లే, పట్టదు. 8 ఛానెళ్లయితే 139 దొరుకుతాయి. అందుకని చెవి మీద పెట్టుకునే ప్రాసెసర్ 22 ఫిల్టర్లలో ఆ క్షణాన శక్తి ఎక్కువున్న 8 ఎంచుకుంటుంది. 'స' పలికినప్పుడు ఒక గుంపు, 'మ' పలికినప్పుడు వేరే గుంపు. అంటే మిగిలిన 14 ఖాళీగా లేవు, వంతు కోసం చూస్తున్నాయి.

కరెంటు చర్మం మీది కాయిల్ నుంచి లోపలి కాయిల్‌కు రేడియో తరంగంగా పోతుంది. కాక్లియర్ వాళ్లది 5 మెగాహెర్ట్జ్. పవరూ డేటా రెండూ ఆ ఒక్క లింకు మీదే.

ఆడియాలజీ, కరీంనగర్
తమ్ముడు, పిల్లల తల్లిదండ్రులు గూడ ఇదే సంఖ్య పట్టుకొని అడుగుతరు. నేనైతే అన్ని కాంటాక్టులు లోపలనే ఉన్నయా, మ్యాప్ (ఒక్కో కాంటాక్టుకు ఎంత కరెంటన్న సెట్టింగు) ఎట్లుంది అన్నదే ముందు చూడుమంట.

ఆపరేషన్ అయినంక స్విచాన్ (మెషిన్ మొదటిసారి ఆన్ చేసుడు) దాకా ఇంపిడెన్స్, అంటే కాంటాక్టు దగ్గర కరెంటుకు అడ్డు, పెరుగుతది, వాడుడు మొదలైనంక దిగుతది. సాధారణంగ 5 నుంచి 15 కిలో ఓమ్‌లు. 20కి పోయిందంటే 500 మైక్రోఆంపియర్లకే 10 వోల్టులు కావాలె, లోపలి సర్క్యూట్ అంత ఇయ్యలేక పల్సు కోసుకపోతది. అప్పుడు మీరు సీ లెవెల్ (ఇబ్బంది లేకుండ వినేటంత గట్టి హద్దు) ఎంత పెంచినా శబ్దం పెరగది. కరెంటు పెంచుడు బంద్ చేసి పల్సు వెడల్పు 25 నుంచి 37కు జరపాలె. ముఖం అదిరితే ఏ కాంటాక్టుతోటి అదురుతుందో పట్టుకొని దాన్ని తగ్గించాలె, లేకుంటే ఆపాలె. చిన్నపిల్లలకు ఈక్యాప్ (పల్సుకు నాడి ఇచ్చే జవాబు) కొలతతోటి మ్యాప్ ఆకారం తెలుస్తది గని సీ లెవెల్ నేరుగ దాంట్లకెళ్లి తీసుకోవద్దు, పెద్ద శబ్దానికి చెవిల కండరం బిగుసుకునే స్టెపీడియల్ రిఫ్లెక్స్ దానికన్న నమ్మకం.

ఇంట్ల రోజూ పొద్దున వినికిడి పరీక్షకు వాడే లింగ్ శబ్దాలు చూడాలె: అ, ఈ, ఊ, మ్, శ్, స్. మూతి చేతితోటి దాచుకోకండి, శబ్దం మారుతది. పిల్ల వెనుక నిలబడి అనండి. అన్నీ విని 'స్' ఒక్కటే పోతే మైక్ కవర్ మూసుకపోయి ఉండొచ్చు, ఎక్కువ ఫ్రీక్వెన్సీలు ముందు పోతయి. పత్తి సీజన్‌ల ఏనుమాముల మార్కెట్ చుట్టుపక్కల ఉండేటోళ్లు కవర్ ఇంకా తొందర తొందరగ మార్చుకోవాలె. శబ్దం వచ్చిపోతుంటే కాయిల్ వైరు. చాలా సార్లు చెడిపోయేది అదే, ఇంట్ల ఒకటి ఎక్స్‌ట్రా ఉంచుకోండి. 675 జింక్-ఎయిర్ బ్యాటరీకి గాలి కావాలె: స్టిక్కర్ తీసి రెండు నిమిషాలు ఆగినంకనే పెట్టాలె. వానాకాలం, చెమటల కాలం గాలి రంధ్రాలు తడితోటి మూసుకపోతయి. రాత్రి ప్రాసెసర్ డ్రైబాక్స్‌ల పెట్టండి, బ్యాటరీ బయటికి తీసి.

ఓరుగల్లు ఈసీఈ
చాలా థ్యాంక్స్ సార్, మేడమ్. ఒక్కటే ఇంకా ఉంది. తీగ పొట్టిగ ఉంటే తక్కువ ఫ్రీక్వెన్సీల గతి ఏంది? డేటాషీట్లల్ల 1వ నంబర్ ఎలక్ట్రోడ్ ఎటు దిక్కుందో కూడ అర్థం కాలె.

సిగ్నల్ ప్రాసెసింగ్, కాజీపేట
నంబర్ల దగ్గర జాగ్రత్త. కాక్లియర్‌లో 22 కొనవైపు, 1 మొదలువైపు. మెడ్-ఎల్, అడ్వాన్స్‌డ్ బయోనిక్స్‌లో 1 కొనవైపు. కోడ్‌లో ఫిల్టర్ల వరుస తిరగబడితే మాట మొత్తం చెడుతుంది.

కాక్లియా గొట్టం పొడవు సుమారు 35 మి.మీ., మనిషిని బట్టి మారుతుంది. మెడ్-ఎల్ పొడవాటి తీగల్లో ఒకటి 31.5 మి.మీ. వరకు పోతుంది, మోడియోలస్‌ను ఆనుకునే తీగలు అంతకన్నా పొట్టి, 20 మి.మీ. దరిదాపుల్లో ఆగుతాయి. పొట్టివాటిలో 188 హెర్ట్జ్ నుంచి మొదలయ్యే ఫిల్టరును అంతకన్నా ఎక్కువ ఫ్రీక్వెన్సీకి చెందిన నాడులకు అంటగడతారు. మొదట్లో గొంతులు సన్నగా, గీరినట్టు వినిపించడానికి అదొక కారణం, మెదడు కొన్ని నెలల్లో సర్దుకుంటుంది. పిల్లల్లో వయసు చాలా ముఖ్యం కాబట్టి తీగ పొడవు గురించి ఆలోచిస్తూ ఆపరేషన్ ఆలస్యం చేయకూడదు.

మీ రిపోర్టులో కొన మడత గురించి తప్పక రాయండి. తీగ కొన వెనక్కి మడతపడితే కొన కాంటాక్టులు మధ్యవాటి పక్కకు వచ్చి పడతాయి, స్వరాల వరుస కలగాపులగం అవుతుంది. ఇంపిడెన్స్ మాత్రం మామూలుగానే కనిపిస్తుంది, కాబట్టి ఆ కొలత చూసి నిశ్చింతగా ఉండకూడదు. ఒక కాంటాక్టుకు కరెంటు ఇచ్చి మిగతా వాటి మీద వోల్టేజీ కొలిచే పట్టికలో, లేదంటే ఎక్స్‌రేలో, ఇది బయటపడుతుంది. థియేటర్‌లోనే తెలిస్తే తీసి మళ్లీ పెడతారు. తర్వాత తెలిస్తే మడతపడిన కాంటాక్టులను ఆపి మిగతావాటికి ఫిల్టర్లు పంచుతారు, అది చాలకపోతే మళ్లీ ఆపరేషనే.