మైక్ టైసన్‌ని మనం మరీ ఎక్కువ చేసి చూస్తున్నామా?

లెఫ్ట్ హుక్:
ఇక్కడే వేరే చర్చలో ఒకాయన "హెవీవెయిట్ అంటే టైసనే, అలీ అయినా జో లూయిస్ అయినా ఆయన తర్వాతే" అని రాస్తే కింద అందరూ దండాలే దండాలు, అందుకే విడిగా అడుగుతున్నా. టైసన్ ఆట గొప్పదే, కాదనను. కానీ ఫామ్‌లో ఉన్న ఆల్‌టైమ్ గ్రేట్‌ని ఒక్కడిని ఓడించాడా, పేరు చెప్పండి. మాజీ చాంపియన్ లారీ హోమ్స్ అంటారు. 1988 జనవరిలో హోమ్స్‌కి 38 ఏళ్లు, అప్పటికి ఏడాదిన్నర పైనే అయింది రింగ్ ఎక్కి. స్పింక్స్ అంటారు. 91 సెకన్లలో అయిపోయింది నిజమే, కానీ స్పింక్స్ అసలు లైట్ హెవీ (హెవీవెయిట్ కంటే తక్కువ బరువు విభాగం) నుంచి పైకొచ్చినవాడు, ఆ రోజు రింగ్‌లోకి వస్తున్నప్పుడే మొహంలో నెత్తురు చుక్క లేదు. మిగతాది ఏముంది? డగ్లస్ చేతిలో పోయాడు, హోలీఫీల్డ్ చేతిలో రెండు సార్లు, లెనాక్స్ లూయిస్ చేతిలో ఒకసారి. ఇంకో మాట, కింద పడి లేచి గెలిచిన ఫైట్ టైసన్‌కి కెరీర్ మొత్తంలో ఒక్కటీ లేదు. 1979లో షేవర్స్ కుడిచేత్తో ఒక్కటిస్తే హోమ్స్ వెల్లకిలా పడ్డాడు, లేచి నిలబడి 11వ రౌండ్‌లో వాడినే ఆపేశాడు. నాకు చాంపియన్ అంటే అదీ.

బెజవాడ పంచ్:
అన్నా, మీరు ఓడినవన్నీ ఏరి పెట్టి గెలిచినవి రెండు లైన్లలో తేల్చేశారు. టైసన్ రాకముందు హెవీవెయిట్ పరిస్థితి ఏంటో గుర్తుందా? టైటిల్ ఇచ్చే సంస్థలు మూడు, బెల్టులు మూడు, ఇవాళ ఉన్న చాంపియన్ రేపు ఉంటాడో లేదో తెలీదు, జనానికి వాళ్ల పేర్లు కూడా సరిగ్గా తెలీవు. ఈ కుర్రోడు 1986 నవంబర్‌లో అప్పటి చాంపియన్ బెర్బిక్‌ని రెండో రౌండ్‌లో పడేశాడు, ఒక్క ఎడమ హుక్‌కి బెర్బిక్ లేవబోయి మళ్లీ పడి, మళ్లీ లేవబోయి మళ్లీ పడి, చూస్తేనే పాపం అనిపిస్తుంది. అప్పటికి వాడికి 20 ఏళ్లు దాటి నాలుగు నెలలు, అతి చిన్న వయసు హెవీవెయిట్ చాంపియన్ అన్న ఆ రికార్డు ఇప్పటికీ ఎవడూ ముట్టుకోలేదు. 1987 మార్చిలో స్మిత్, ఆగస్టులో టక్కర్, అంతే, తొమ్మిది నెలల్లో మూడు బెల్టులూ వీడి నడుముకే. మొత్తం తొమ్మిది సార్లు టైటిల్ నిలబెట్టుకున్నాడు. ఎదురుగా గ్రేట్స్ లేకపోతే వాడేం చేస్తాడు, ఉన్నవాళ్లందరినీ వరసపెట్టి కొట్టాడు. చాంపియన్ పని అదే కదా.

మూలన కూర్చున్నోడు:
ఇద్దరూ నాకౌట్ల చుట్టూనే తిరుగుతున్నారు. నేను కొంతకాలం జిమ్‌లో గ్లవ్స్ కట్టినోణ్ని, నాకు టైసన్‌లో నచ్చేది దెబ్బ కాదు, దెబ్బకి ముందు తల ఎక్కడుంది అనేది. మనిషి ఎత్తు 5 అడుగుల 10 అంగుళాలు, టక్కర్ 6 అడుగుల 5. అంత పొడుగోళ్ల జాబ్ (ముందు చేత్తో సూటిగా విసిరే దెబ్బ) కింద నుంచి దూరాలి. చేతులు చెంపలకి ఆనించి, తల ఒక పక్కకి తప్పించి, ఆ తప్పించడంలోనే పాదం పక్కకేసి, కుడిచేత్తో పక్కటెముకల మీద ఒకటి, అదే చేత్తో గడ్డం కింద అప్పర్‌కట్. ఎదుటోడు పొట్ట కాపాడుకుందామని మోచెయ్యి దించేలోపు గడ్డం ఖాళీ అయిపోతుంది. ఇదంతా టైసన్ మొదటి గురువు కస్ డి'అమాటో ఇంట్లో నేర్పింది, ఒక్కో దెబ్బకి ఒక్కో నంబరు, కార్నర్‌లోంచి ట్రైనర్ కెవిన్ రూనీ నంబర్లు అరిచేవాడు. 1988 చివర్లో రూనీని పంపించేశారు, ఆ తర్వాత ఫైట్లు చూడండి, తల కదలడం తగ్గిపోయింది, ఒక్క దెబ్బతో పడేద్దామనే తాపత్రయం తప్ప వరస దెబ్బలు లేవు. మనం పొగిడే టైసన్ ఉన్నది ఆ రెండేళ్లే.

లెఫ్ట్ హుక్:
మీరు నా వాదనే చెప్పారు గురూ. రెండేళ్ల ఆటకి ఇరవై ఏళ్ల పేరు. రూనీ పోయాడు అందుకే అంటారా, సరే, ఎవరు పంపించారు? టోక్యోలో 1990 ఫిబ్రవరి 11న డగ్లస్ మీద బెట్టింగ్ 42కి 1, అంటే వాడు గెలుస్తాడని దాదాపు ఎవరూ అనుకోలేదు. టైసన్ కార్నర్‌లో ఎవరిని పెట్టుకున్నాడో చూడండి, కన్ను వాచిపోతుంటే వాపు దించే ఐరన్ కూడా తెచ్చుకోలేదు, రబ్బరు గ్లవ్‌లో చల్లనీళ్లు నింపి కంటికి ఒత్తారు! వరల్డ్ చాంపియన్ కార్నర్ అది. పదో రౌండ్‌లో పడ్డాక మోకాళ్ల మీద దేకుతూ మౌత్‌పీస్ వెతుక్కుని, ఒక చివర నోట్లో ఇంకో చివర బయట వేలాడుతూ లేచే ప్రయత్నం చేస్తాడు, ఆ వీడియో చూస్తే ఎవరికైనా జాలేస్తుంది. కానీ వయసు 23. ముసలోడు కాదు.

కోఠి కుర్రోడు:
ఎనిమిదో రౌండ్‌లో డగ్లస్ పడ్డప్పుడు రిఫరీ లెక్క లేటు కదా బ్రో, టైమ్‌కీపర్ లెక్క ప్రకారం అయితే లేచేసరికి పది దాటిపోయింది, ఫైట్ అక్కడే ఫినిష్

లెఫ్ట్ హుక్:
బాక్సర్ వినాల్సింది రిఫరీ లెక్క. డగ్లస్ తొమ్మిదికి లేచాడు. మరి పదో రౌండ్‌లో టైసన్‌ని లేవొద్దని ఎవరన్నారు?

బెజవాడ పంచ్:
మరి జైలు సంగతో? 1991 నవంబర్‌లో హోలీఫీల్డ్‌తో ఫైట్ ఫిక్స్ అయింది, పక్కటెముకల గాయం వల్ల వాయిదా పడింది, ఆ తర్వాత జైలు. అసలైన వయసులో మూడేళ్లు పోయాయి. ఆ ఫైట్ అప్పుడే జరిగుంటే ఈ చర్చే ఉండేది కాదు.

రింగ్‌సైడ్ రమ్య:
"మూడేళ్లు పోయాయి" అని వర్షానికి మ్యాచ్ ఆగిపోయినట్టు రాస్తున్నారు అందరూ. 1992లో రేప్ కేసులో కోర్టు దోషి అని తేల్చి ఆరేళ్ల శిక్ష వేసింది, 1995 మార్చిలో బయటికొచ్చాడు. తను చేయలేదనే ఆయన మొదటి నుంచీ చెప్తాడు, తీర్పు మాత్రం మారలేదు. లెగసీ లెక్కలో కోల్పోయిన సంవత్సరాలు కలుపుతారు, ఎందుకు కోల్పోయాడో మాత్రం ఎవరూ రాయరు. ఇంక వయసు అంటారా, 1996లో టైసన్‌కి 30, కొట్టిన హోలీఫీల్డ్‌కి 34. 2002లో మెంఫిస్‌లో ఎనిమిదో రౌండ్‌లో పడుకోబెట్టిన లూయిస్ కూడా టైసన్ కంటే కొన్ని నెలలు పెద్దే. వాళ్లిద్దరికీ లేని వయసు ఈయనకొక్కడికే వచ్చిందా?

కోఠి కుర్రోడు:
అక్కా, హోలీఫీల్డ్ తలతో గుద్దాడు కదా రెండు ఫైట్లలోనూ

రింగ్‌సైడ్ రమ్య:
గుద్దాడు. రెండో ఫైట్‌లో టైసన్ ఆయన చెవి కొరకడమే దానికి మందా?

మూలన కూర్చున్నోడు:
నిజమే, హోలీఫీల్డ్ తల ముందు పెట్టి దూరేవాడు, అందరి మీదా అంతే. అయితే 1996 ఫైట్‌లో అసలు విషయం తల కాదు, టైసన్ దగ్గరికి రాగానే పట్టుకుని వెనక్కి తోసేవాడు. టైసన్ వెనకడుగులో ఏమీ చేయలేడు, ఎప్పుడూ అంతే. స్మిత్ 1987లోనే 12 రౌండ్లూ కౌగిలించుకుని చూపించాడు ఆ దారి, గెలిచే ఉద్దేశం లేకపోయినా. దాన్ని ఆయుధంగా మార్చినవాడు హోలీఫీల్డ్. అందుకే నాకు టైసన్ మొదటి పదిలో ఉంటాడు, మొదటి ఐదులో ఉండడు.

బెజవాడ పంచ్:
పదిలో అయితే ఎన్నో ప్లేసు?

మూలన కూర్చున్నోడు:
తొమ్మిది. ఫోర్‌మన్, హోలీఫీల్డ్, లెనాక్స్ లూయిస్ ముగ్గురూ పైనే.

బెజవాడ పంచ్:
1988 టైసన్‌ని ఆ ముగ్గురిలో ఎవరి ముందు నిలబెట్టినా నా డబ్బులు టైసన్ మీదే. తెలుగు సినిమాలో రెండు నిమిషాలు కనిపిస్తాడంటేనే థియేటర్‌కి జనం వెళ్లారు, లూయిస్‌ని పెడితే ఎంతమంది వస్తారు?

లెఫ్ట్ హుక్:
ఎవరూ రారు. నేను అంటున్నదీ అదేగా!