గుంటగలగర నూనె ముక్కిపోతోంది: పసరు ఎంత పోయాలి, పాకం ఎక్కడ ఆపాలి?

ప్రశ్న:
లీటరు నువ్వుల నూనెలో రెండు గుప్పిళ్ల ఆకు నూరి వేసి, పచ్చివాసన పోయేదాకా కాచి దించితే నెల తిరక్కుండానే ముక్కవాసన వస్తోంది. సీసా అడుగున మడ్డి కూడా దిగుతోంది. కొలత, పాకం తెలిసినవాళ్లు చెప్పండి. ఆకు గట్టు మీద కోసిందే. జానెడు కాడ చివర ఒక్కటే పువ్వు, నడుమ పసుపు, చుట్టూ లేతరంగు రేకులు.

జవాబు 1:
నూనెలో తడి మిగిలిపోతోందండీ. పచ్చివాసన పోవడం పాకానికి గుర్తు కాదు, అది నీరు ఇంకా ఉండగానే పోతుంది.

పసరుతో కాచే తైలానికి పాతకాలపు ఆయుర్వేద గ్రంథకర్త శార్ఙ్గధరుడి లెక్క: నూనెకు నాలుగింతలు పసరు, ఎనిమిదో వంతు ముద్ద. ఇంటికి పావు లీటరు నూనె, లీటరు పసరు, 30 గ్రాముల ఆకుముద్ద చాలు. నూరేటప్పుడు పోసిన నీళ్లను పసరు కింద లెక్కేయొద్దు.

గిన్నె సగానికి మించి నింపకండి, పసరు పొంగుతుంది. సెగ సన్నగా ఉండాలి. నీరు తగ్గి ముద్ద అడుక్కు చేరిన దగ్గర్నుంచి గరిటె ఆపకూడదు, మాడేది అప్పుడే. చివర్లో కాస్త ముద్ద తీసి వేళ్ల మధ్య నలపండి. వత్తిలా రావాలి, ఆ వత్తిని మంటలో పెడితే చిటపటలాడకూడదు. నూనె మీద నురుగు లేవాలి. నురుగు అణగడం నెయ్యికి గుర్తు, తైలానికి కాదు. చాలామంది ఇక్కడే పొరపడతారు.

ముద్ద ఇంకా మెత్తగా, జిగురుగా ఉంటే మృదుపాకం, అది ముక్కులో వేసే తైలాలకు. ఒంటికి, తలకు రాసేదానికి ముద్ద కాస్త గట్టిపడే ఖరపాకం దాకా వెళ్లొచ్చు. బొగ్గయితే మాత్రం పారేయడమే. పొయ్యి ఆపాక కూడా ఆ వేడికి ముద్ద వేగుతూనే ఉంటుంది, అందుకే చల్లారేదాకా ఆగకుండా వేడి మీదే పొడిగుడ్డలో వడకట్టాలి. రాత్రంతా కదపకుండా ఉంచి పైతేట మాత్రమే సీసాలోకి వంచండి. సీసా ఎండలో బాగా ఆరి ఉండాలి.

జవాబు 2:
పాకం కంటే ముందు మొక్క మార్చాలి. మీరు చెప్పినది గడ్డిచామంతి. గుంటగలగర పువ్వు చిన్నది, తెల్లది, ఆకు మొదట్లోంచి వస్తుంది. ఆకులు సన్నగా, ఎదురెదురుగా, దాదాపు తొడిమ లేకుండా ఉంటాయి. కాండం తరచుగా ఎర్రగా, గరుగ్గా ఉంటుంది. గడ్డిచామంతి గింజలకు దూదిలాంటి కుచ్చు ఉండి గాలికి ఎగురుతాయి, గుంటగలగర గింజలు ఎగరవు. అన్నిటికన్నా తేలిక పరీక్ష: ఆకు అరచేతిలో నలిపి కాసేపు ఆగండి, గుంటగలగర పసరు నల్లబడుతుంది.

ప్రశ్న అడిగినవారు:
అయితే మొక్కే తప్పన్నమాట. నూనెకు పోగా మిగిలిన పసరు కామెర్లకు తాగించవచ్చా?

జవాబు 2:
సొంతంగా వద్దండీ. కాలేయ రోగాల్లో గుంటగలగరను వాడటం పాతదే. కానీ కామెర్లు పిత్తనాళంలో రాయి అడ్డుపడినా వస్తాయి, దానికి పసరు పనిచేయదు, ఈలోగా జబ్బు ముదురుతుంది. ముందు రక్తపరీక్ష, ఆ తర్వాత వైద్యుడు చెప్పిన మోతాదు. పైగా ఇది తడినేల మొక్క, మురుగుకాలవల పక్కన పెరిగింది నూనెకు కూడా కోయకండి.