వాగు నీళ్లు 50 అడుగుల పైకి: కరెంటు, డీజిల్ లేకుండా ఏ పంపు?

ప్రశ్న
వాగు ఏడాదంతా పారుతుంది. ఎండాకాలంలో బకెట్ పెట్టి కొలిచినా నిమిషానికి 40 లీటర్లు వస్తున్నాయి. గట్టు కింద 6 అడుగుల వాలు (నీళ్లు నిలువుగా దిగే ఎత్తు) దొరుకుతుంది. పంపు పెట్టే చోటు నుంచి ట్యాంకు 50 అడుగుల ఎత్తు. రోజుకు 3,000 లీటర్లు చాలు. పక్కనే నీళ్లు 40 అడుగుల లోతులో ఉన్న బావి కూడా ఉంది. వీడియోల్లో చూపించే ఖాళీ సీసా సైఫన్ పంపు పనిచేస్తుందా, పారే నీటి దెబ్బతోనే కొంత నీటిని పైకెక్కించే ర్యామ్ పంపుకే వెళ్లాలా?

జవాబు 1
సీసా సైఫన్ సంగతి వదిలేయండి. సైఫన్ మధ్యలో గట్టు దాటిస్తుంది గానీ, నీటిమట్టం కన్నా పైన ఉన్న ట్యాంకులో చుక్క కూడా పోయదు.

మీ చోటుకు ర్యామ్ పంపు సరిగ్గా సరిపోతుంది. లెక్క ఇదీ: వచ్చే నీళ్లను వాలుతో గుణించి, ఎక్కాల్సిన ఎత్తుతో భాగించి, అందులో సగం తీసుకోండి. 40 × 6 ÷ 50 = 4.8, సగం 2.4 లీటర్లు. పంపు రాత్రీ పగలూ ఆడుతుంది కాబట్టి రోజుకు 3,450 లీటర్ల దాకా వస్తాయి. మిగతా 37 లీటర్ల పైచిలుకు నిమిషానికి వేస్ట్ వాల్వు (పైకెక్కని నీళ్లను బయటికి వదిలే వాల్వు) నుంచి పోతాయి. అవి మళ్లీ వాగులో కలిసేలా కాలువ తీయండి. పంపు గుంటలో నీళ్లు నిలిచి వాల్వు మునిగితే పని చెడుతుంది.

జవాబు 2
సామాను వరుస చెబుతాను. ఒకటిన్నర అంగుళాల డ్రైవ్ పైపు (వాగు నీళ్లను పంపుకు దించేది), బాల్ వాల్వు, యూనియన్ (విప్పుకోగల అతుకు), టీ (మూడు నోళ్ల అతుకు). ఆ టీ పైనోటికి ఇత్తడి స్వింగ్ చెక్ వాల్వు (నీటిని ఒకవైపే వదిలే, లోపల ఊగే రేకున్న వాల్వు), బాణం గుర్తు కిందికి టీ వైపు చూడాలి. అప్పుడే రేకు తన బరువుతో తెరిచి ఉంటుంది, నీటి వేగం పెరగగానే టప్పున మూసుకుంటుంది. ఇదే వేస్ట్ వాల్వు. టీ అవతలి నోటికి స్ప్రింగు చెక్ వాల్వు, దాని బాణం ముందుకు. తర్వాత ఇంకో టీ. దాని మీద గాలి గది (లోపలి గాలి నొక్కుకుని నీటిని నిలకడగా పైకి నెట్టేది) నిలబెట్టండి: 4 అంగుళాల పీవీసీ పైపు 2 అడుగుల ముక్క, 6 కేజీల ఒత్తిడి తట్టే రకం, పైన క్యాప్. చివర బాల్ వాల్వు (డెలివరీ వాల్వు), ట్యాంకు దాకా ముప్పావు అంగుళం డెలివరీ పైపు.

డ్రైవ్ పైపు పొడవు వాలుకు నాలుగైదు రెట్లు, అంటే మీకు 24 నుంచి 30 అడుగులు. మధ్యలో ఎక్కడా ఎగుడు ఉండకూడదు, అక్కడ గాలి నిలిచి దెబ్బంతా మింగేస్తుంది. పైనోరు నీటిలో కనీసం ఒక అడుగు మునిగి, జాలీతో ఉండాలి. ఒక్క ఆకు రేకు కింద ఇరుక్కున్నా పంపు ఆగిపోతుంది.

గాలి గదిలో గాలి మెల్లగా నీటిలో కరిగిపోతుంది, చాలామంది పంపులు కొన్ని వారాలకే మొరాయించేది ఇందుకే. స్ప్రింగు వాల్వుకు కాస్త ముందు ఒకటిన్నర మిల్లీమీటరు రంధ్రం వేయండి. ప్రతి దెబ్బకూ కాస్త గాలి పీల్చుకుంటుంది. అది వద్దనుకుంటే కొద్దిగా గాలి నింపిన సైకిల్ ట్యూబు మడిచి గదిలో పెట్టి మూసేయండి.

ప్రశ్న అడిగినవారు
డ్రైవ్ పైపుకూ పీవీసీయే వేస్తే ఖర్చు తగ్గుతుంది కదండీ? మొదలుపెట్టడం ఎలా?

జవాబు 2
అక్కడ మాత్రం జీఐ (జింకు పూత ఇనుము) పైపే వేయండి. నీళ్లు ఠక్కున ఆగినప్పుడు పుట్టే ఒత్తిడే ఈ పంపుకు బలం. పీవీసీ ఆ దెబ్బకు సాగుతుంది, అందులో ఒత్తిడి ఇనప పైపులో పుట్టేదానికి మూడో వంతు దాకా పడిపోతుంది. పంపు ఆడుతుంది గానీ నీళ్లు తగ్గుతాయి, అతుకులు వదులవుతాయి. పంపును కాంక్రీటు దిమ్మెకు బిగించండి, కదిలినా అంతే నష్టం.

మొదలుపెట్టేటప్పుడు డెలివరీ వాల్వు మూసి, డ్రైవ్ పైపు దగ్గరి బాల్ వాల్వు పూర్తిగా తెరవండి. వేస్ట్ వాల్వు రేకు మూసుకోగానే వేలితో కిందికి నొక్కి వదలండి. ఇరవై ముప్పై సార్లు చేస్తే గదిలో ఒత్తిడి పెరిగి తనంతట తానే కొట్టుకుంటుంది. అప్పుడు డెలివరీ వాల్వు కొంచెం కొంచెంగా తిప్పండి. నిమిషానికి 40 నుంచి 60 దెబ్బలు బాగుంటాయి. రేకు మూసుకుని ఉండిపోతే పైన ఒత్తిడి చాలలేదని అర్థం, డెలివరీ వాల్వు తగ్గించండి. తెరుచుకునే ఉండిపోతే నీటి వేగం చాలలేదు, జాలీ మూసుకుపోయిందేమో చూడండి.

జవాబు 3
బావికి ర్యామ్ కుదరదు, దానికి పారే నీళ్లు కావాలి. పైన ఉండి నోటితో పీల్చే రకం చేతి పంపులూ, తొక్కుడు పంపులూ 7 మీటర్లు దాటితే లాగలేవు, మీ లోతు 12 మీటర్లు. అక్కడ తాడు పంపు (తాడుకు కట్టిన బిళ్లలు పైపులోంచి నీటిని పైకి మోసుకొచ్చేది) వేయండి: ముప్పావు అంగుళం పైపు, 5 మిల్లీమీటర్ల నైలాన్ తాడు, మీటరుకొకటి చొప్పున రబ్బరు బిళ్లలు, పైన పాత టైరు అంచులతో చేసిన చక్రం. బిళ్ల పైపులో బిగుతుగా ఉండొద్దు, చుట్టూ పావు మిల్లీమీటరు ఖాళీ ఉంటే రాపిడి లేకుండా నీళ్లు వస్తాయి. ఒక మనిషి తిప్పితే నిమిషానికి 20 లీటర్లు రావాలి. చక్రానికి వెనక్కి తిరగకుండా కొక్కెం తప్పనిసరి. లేకపోతే చెయ్యి వదిలిన క్షణంలో పైపులోని నీటి బరువుకు పిడి ఎదురు తిరిగి మణికట్టు మీద కొడుతుంది.