ఏజెంట్ టూల్ వివరణలో టైమ్‌జోన్ ఎక్కడ చెప్పాలి?

క్యాలెండర్ పనులు చేసే ఏఐ ఏజెంట్‌కి రెండు టూల్స్ (అది పిలవగల ఫంక్షన్లు) ఉన్నాయి: ఈవెంట్లు వెతికేది ఒకటి, ఐడీతో ఒక్క ఈవెంట్ తెచ్చేది ఇంకోటి. రెండింటి వివరణా "ఈవెంట్ సమాచారం ఇస్తుంది" అనే ఉండటంతో ఏజెంట్ ఐడీ చోట మీటింగ్ పేరు పెట్టేసేది, 404 (దొరకలేదు) ఎర్రర్ వచ్చేది. రెండోదానికి "ఐడీ తెలియకపోతే ముందు వెతికే టూల్ వాడు" అని చేర్చాక అది కుదిరింది.

తేదీలే ఇంకా తేలలేదు. "రేపు సాయంత్రం 5కి" అంటే 17:00 రాసి చివర జెడ్ తగిలిస్తోంది. జెడ్ అంటే యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం, మనకంటే ఐదున్నర గంటలు వెనక), కాబట్టి మీటింగ్ మన టైమ్‌లో రాత్రి 10:30కి పడుతోంది. "ఐఎస్ఓ 8601 ఫార్మాట్" (తేదీ, సమయం రాసే అంతర్జాతీయ ప్రమాణం) అన్న మాట ఒక్కటే సరిపోదు, జెడ్ కూడా అందులో చెల్లుతుంది కదా!

పారామీటర్ (టూల్‌కి ఇచ్చే విలువ) వివరణలోనే +05:30తో ఉదాహరణ ఇవ్వాలా, టైమ్‌జోన్‌ని విడి తప్పనిసరి ఫీల్డ్‌గా పెట్టి ఆసియా/కోల్‌కతా అని అడగాలా? ప్రతి టూల్‌కీ ఉదాహరణలు పెడితే టోకెన్లు (మోడల్ చదివే టెక్స్ట్ ముక్కలు) పెరుగుతాయి. రెండూ చేసి చూసినవాళ్లు ఏది నిలబడిందో దయచేసి చెప్పండి.